వేడి చల్లారకముందే

ఈ పొద్దున ఆఫీసుకి తయారవుతుంటే ఫోను టింగుమంది. చూస్తే మ్యాపుల యాప్‌వాళ్ళ అభినందన. "శభాష్! కొత్తగూడలోని ఫలానా ల్యాబు గురించి మీరు రాసిన రివ్యూ చాలామందికి ఉపయోగపడుతోంది" అని రాసి, కింద రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మ పెట్టారు. నాలుగేళ్ళ కిందట రాసిన రివ్యూ అది. ఒకే ఒక్క స్టార్ ఇచ్చి రాశాను. ఇంకా అక్కడే ఉంది, ఇంకా జనం చదువుతున్నారు. ఉపయోగమట, నా మొహం. చేతిలో దువ్వెన పడేసి మంచం మీద కూలబడ్డాను.

అందులో నేను "ల్యాబులో ఉండే పెద్దాయన" అని రాసిన మనిషి మొన్న ఉగాదికి ముందు పోయాడు. ఆయన పేరు అందులో రాయలేదు, ఇక్కడా రాయను. అప్పుడు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు తెలుసు గానీ, ఆ పేరు నా చేత్తో రాయడానికి సిగ్గేస్తోంది.

ఆయన అనగానే నాకు ముందు వేళ్ళు గుర్తొస్తాయి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ఏదో చిన్న మర తిప్పుతున్నట్టు ఎప్పుడూ కదులుతుండేవి. మైక్రోస్కోపు పక్కన అలాంటి మర ఒకటుంటుంది, దాన్ని మెల్లగా తిప్పితే మసకగా ఉన్నది తేటగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి అది తిప్పీ తిప్పీ వేళ్ళకి అదే అలవాటైపోయింది. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు, కుడిచేయి తన పని తను చేసుకుంటుండేది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మరీను. మన మొహంలోకే చూస్తూ, వేళ్ళు తిప్పుతూ వినేవాడు. మనం అబద్ధం చెబితే ఇంకాస్త నెమ్మదిగా తిప్పేవాడని నా అనుమానం. ఎందుకంటే ఆయనకి నేను చెప్పింది అబద్ధమే.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్లకోటు జేబులో ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎర్రసబ్బు ముక్క. శానిటైజర్ ముట్టేవాడు కాదు. ల్యాబు గుమ్మంలో స్టాండు మీద పెట్టిన శానిటైజర్ సీసాని చూపించి, "గదంటె బ్యాక్టీరియాకు భయం. పురుగు గుడ్డుకు గది అత్తరు" అనేవాడు. "రుద్ది కడగాలె. నీళ్ళతోని కొట్టుకపోవాలె. గంతే." గొంతు తగ్గించి మాట్లాడ్డం ఆయనకి రాదు. వెనక గదిలో రక్తం సీసాలు గిర్రున తిప్పే మెషిన్ పక్కనే ఏళ్ళ తరబడి పనిచేశాడు. దాని రొదకి పైన వినబడేలా మాట్లాడి మాట్లాడి, అది ఆగి ఉన్నా అదే గొంతు. ఆ గొంతే నా కొంప ముంచింది. కాదు, ఆయన కొంప నేను ముంచాను. మాట తిప్పేసే అలవాటు నాకు ఇంకా పోలేదు.

పుట్టింది గోపన్‌పల్లిలోనట, ఇప్పుడక్కడ పొలాలన్నీ స్విమ్మింగ్ పూల్స్ ఉన్న అపార్టుమెంట్లైపోయాయి. "మా చెలక ఉన్న కాడ ఇప్పుడు మీవోళ్ళు ఈత కొడుతున్నరు" అని నవ్వేవాడు. కోపం లేదు ఆ మాటలో. కుర్రవయసులో మలేరియా శాఖవాళ్ళతో కలిసి ఇల్లిల్లూ తిరిగి, వేలు పొడిచి రక్తపుచుక్క తీసేవాడట. అంతకుమించి ఆయన బతుకు గురించి నాకేమీ తెలియదు. నేను అడగలేదు.

అప్పుడు మా చిన్నికి ఐదేళ్ళు. మూడు వారాలుగా విరేచనాలు. ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది, మర్నాడు మళ్ళీ మొదలు. బుగ్గలు లోపలికి పోయాయి. పిల్లల డాక్టరు గారు రెండు పరీక్షలు రాశారు. ఒకటి కల్చర్, అంటే బ్యాక్టీరియాని ప్లేటు మీద పెంచి చూడటం. రెండోది మైక్రోస్కోపు కింద పెట్టి కంటితో చూడటం. రెంటికీ ఒకే డబ్బాలో శాంపిల్ తెమ్మన్నారు.

నేనసలే జాగ్రత్తపరురాలిని అని నాకు పేరు, అంటే నేను పెట్టుకున్న పేరు. నెట్లో చదివాను, శాంపిల్ ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చని. రాత్రి ఎనిమిదింటికి చిన్ని డబ్బా మీద కూర్చుంది. మూత బిగించి, మూడు కవర్లు చుట్టి, దోసెల పిండి గిన్నె వెనక పెట్టాను. ఆ వారమంతా మా ఆయన దోసె ముట్టలేదు. పొద్దున్నే ఆ డబ్బా పట్టుకుని ల్యాబుకి పోయి, ఏదో ఘనకార్యం చేసినట్టు కౌంటర్ అమ్మాయి చేతికిచ్చాను. తొమ్మిదిన్నరకి ఆఫీసులో మీటింగు. అప్పటికే ఎనిమిదిముప్పావు.

ఐదు నిమిషాలకి ఆయనే లోపల్నించి డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు.

"గిది ఎవరిదమ్మా?"

"మాదేనండి. మా పాపది."

"గింత సల్లగున్నదేంది? ఫ్రిజ్‌ల పెట్టిన్రా?"

"అవునండి, రాత్రిది. పాడవకుండా పెట్టాను."

ఆయన మూత తీసి చూశాడు, మళ్ళీ పెట్టేశాడు. "కల్చర్‌కు సరే అమ్మా. నాకు పనికిరాదు."

"అదేంటండీ! రెండిటికీ ఒకటే డబ్బా అన్నారుగా?"

"డబ్బ ఒక్కటే. అండ్ల ఉండేటోళ్ళు ఒక్కటి కాదు." కుర్చీల్లో ఆరేడుగురు కూర్చుని ఉన్నారు, మెడల్లో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అందరూ ఇయర్‌ఫోన్లు తీసేశారు. "బ్యాక్టీరియాను ఫ్రిజ్‌ల పెడితె సప్పుడు చెయ్యకుంట పండుకుంటది. మల్ల వెచ్చగ పెడితె లేస్తది, పెరుగుతది. నేను ఎతికేటోడు గట్ల కాదు. వాడు బయటపడ్డంక వేడి ఉన్నంతసేపే కదులుతడు. సల్లగయితె ముడుచుకపోతడు, కరిగిపోతడు. అప్పుడు చెత్తల చెత్త, నేనేం గుర్తుపట్టాలె? వేడి సల్లారకముందు తేవాలె."

ఆ చివరి మాట ఆయన రోజూ అనేదేనని తర్వాత తెలిసింది. కౌంటర్ అమ్మాయి అచ్చు ఆయన గొంతుతో అనుకరించి చూపించేది.

నాకేమో గడియారం మీద కళ్ళు. "రెండూ క్రిములే కదండీ, ఏదో ఒకటి చూసి చెప్పేయండి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"కంటికి కనబడరు కాబట్టి ఇద్దరు ఒక్కటే అనుకుంటరు. మీ దిక్కు పీజీ హాస్టళ్ళున్నయి గద, బ్యాక్టీరియా గా హాస్టల్ల గది లెక్క. ఒక్కటే రూము. పండేది ఆడనే, వండేది ఆడనే, కాయిదాలు గీయిదాలు అన్ని ఆడనే పడి ఉంటయి. నడుమ గోడలుండయి, చుట్టూత మాత్రం గట్టి గోడ ఉంటది. యాంటీబయాటిక్‌లు శానా మట్టుకు గా గోడను పడగొడ్తయి, లేకుంటె లోపటి పనిముట్లను ఖరాబు చేస్తయి. నేను చూసేటోడు పరాన్నజీవి. వానిది సొంతిల్లు. వంటింటికి ఒక గది, పండనీకి ఒక గది, కాయిదాలకు వేరె బీరువ. మన ఒంట్ల కణం ఎట్ల కట్టి ఉంటదో గట్లనే. ఇగ నులిపురుగయితె ఇల్లు గూడ కాదు, పెద్ద అపార్టుమెంటే. వానికి గోడ పడగొట్టే మందు ఏస్తె లేని గోడను కొట్టినట్టు. వానికి మందు వేరె, ఎతికే తీరు వేరె."

ఎవరో నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు, అదే గొంతుతో, అందరి ముందూ అడిగాడు. "ఇంట్ల యాంటీబయాటిక్ ఏమన్న ఏసిన్రా బిడ్డకు?"

వేశాను. రెండుసార్లు వేశాను. పోయిన చలికాలం జ్వరానికి తెచ్చిన సిరప్ మిగిలితే మూడురోజులు పోశాను. మా అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "మా బాబుకి ఇది వాడితే ఒక్కరోజులో కట్టేసింది" అని ఇంకో సిరప్ ఫోటో పెడితే, యాప్‌లో తెప్పించి అదీ పోశాను. డాక్టరు గారికే చెప్పలేదు. ఇంతమందిలో చెబుతానా?

"లేదండి" అన్నాను.

"లేదా?"

"లేదన్నాను కదండీ."

ఆయన వేళ్ళు గాల్లో మెల్లగా తిరిగాయి. "సరే అమ్మా" అని లోపలికి పోయాడు.

రెండోసారి వేడిగానే తెచ్చాను. డబ్బాని చిన్ని పాత స్వెటర్‌లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద పావుగంట ఇరుక్కుపోయి, ఏడుపు ముంచుకొస్తుంటే తెచ్చాను. ఆయన అరగంట పైగా చూశాడు. తలుపు సందులోంచి వంగిన వీపు కనబడుతూనే ఉంది. బయటికొచ్చి, "ఇయ్యాల దొరకలె. ఎల్లుండి ఇంకొక్కటి తేండి" అన్నాడు.

"లేదని రాసి రిపోర్టు ఇచ్చేయండి, మిగతాది డాక్టరు గారు చూసుకుంటారు."

"లేదని నేనెట్ల రాస్తనమ్మా? వీడు రోజు బయటికి రాడు. దొరకలె అంటె లేడని కాదు గద."

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టర్‌ని నేను. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే నా పని. "మా సిస్టంలో రావట్లేదు మేడమ్, క్లోజ్ చేసేయండి" అని డెవలపర్లు బతిమాలతారు. "నీకు దొరకలేదంటే లేదని కాదు నాయనా" అని పన్నెండేళ్ళుగా అంటూనే ఉన్నాను. అక్షరాలా అదే మాట ఆయన నాతో అంటే ఒళ్ళు మండిపోయింది. మా ఇద్దరిదీ ఒకటే పనని ఆ క్షణాన నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆఫీసుకి వెళ్ళే క్యాబ్‌లోనే రాశాను ఆ రివ్యూ. మేం తప్పుల్ని రిపోర్టు చేసే పద్ధతిలోనే, పాయింట్లు పెట్టి మరీ. ఒకటి, శుభ్రంగా భద్రపరిచిన శాంపిల్‌ని అకారణంగా తిరస్కరించారు. రెండు, పదిమందిలో పాప ఆరోగ్యం గురించి బిగ్గరగా ప్రశ్నలు వేశారు. మూడు, రెండోసారి తెచ్చినా రిపోర్టు ఇవ్వలేదు. చివర్న, "అక్కడుండే పెద్దాయనకి పని తెలియదు. ఆయన ఉన్నంతకాలం ఎవరూ ఇటు రాకండి." నా అకౌంటుకి అసలు పేరు లేదు. అమ్మలందరం ముచ్చటపడి పెట్టుకునే రకం పేరు, "చిన్నీస్ మమ్మీ". కాబట్టి ల్యాబులో ఎవరికీ తెలియదనే ధైర్యం కూడా ఉంది. పోస్ట్ నొక్కాక కడుపులో చల్లగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మూడోసారి శనివారం వెళ్ళాం. ఈసారి డబ్బా లేదు, చిన్నినే తీసుకుపోయాను. ల్యాబు బాత్రూములోనే పని కానిచ్చాం. వేడి చల్లారే ప్రశ్నే లేదు. పది నిమిషాలు కాకుండానే లోపల్నించి కేక. "దొరికిండు! అమ్మా, బిడ్డను తీస్కొని లోపటికి రా!"

ఆ గది ఎంత చిన్నదంటే ముగ్గురం పట్టలేదు. ఆయన స్టూలు జరిపాడు.

"జర ఎక్కు బిడ్డా, నేను పట్టుకుంట. నీ పేరేంది?"

"చిన్ని."

"గీ కాయిదంల ఇంత పెద్ద పేరున్నది?"

"అది స్కూల్ పేరు. నా పేరు చిన్నీనే."

"సరే చిన్నీ, ఒక కన్ను మూసి చూడు. ఆకు రాలుతున్నట్టు ఊగుకుంట పోతున్నడు, కనబడ్డడా?"

చిన్ని ఊపిరి బిగబట్టి చూసింది. "అమ్మా! మొహం! రెండు కళ్ళున్నాయి. నన్నే చూస్తున్నాడు!"

"కండ్లు కాదు బిడ్డా. మీ అమ్మకు చెప్పిన గద, కాయిదాలు పెట్టుకునే బీరువ అని, న్యూక్లియస్ అంటరు. బ్యాక్టీరియాకు ఒక్క బీరువ గూడ ఉండది. వీడు రెండు పెట్టుకున్నడు, షోకుగాడు." అంత మురిపెంగా ఎందుకు చెబుతున్నాడో నాకర్థం కాలేదు. మూడు వారాలుగా నా కూతుర్ని పీల్చి పిప్పి చేసినవాడు వాడు. అయినా నేనూ చూశాను. నీరులాంటి వెలుగులో సగం కోసిన బేరిపండులాంటివాడు, రెండు గుండ్రటి మచ్చలతో, నవ్వుతున్నట్టే ఊగుకుంటూ పోతున్నాడు.

చిన్నిని దించాక ఆయన నావైపు తిరిగాడు. ఆ ఒక్కసారీ గొంతు తగ్గించాడు. "కల్చర్ ప్లేటు నిన్న చూసినమ్మా. చెడ్డోళ్ళు లేరు, సరే. మామూలుగ ఉండాల్సిన మంచోళ్ళు గూడ సరిగ లేరు. ఎవరో ఊడ్చిపెట్టినట్టున్నది. మందు ఏసిన్రు గద?"

తల దించుకున్నాను. "వేశానండి. రెండుసార్లు."

"అప్పుడే చెప్తె నేను రెండో దినమే వేరె తీరుగ చూస్తుంటి. బిడ్డకు గిన్ని తిప్పలు తప్పుతుండె." అంతే. తిట్టలేదు. "బ్యాక్టీరియా అనంగనే దొంగలనుకుంటరు మీరు. మస్తు మంది మన పేగుల ఉండి మనకే పని చేస్తరమ్మా. మీరు ఏసిన మందు పనిచేసేటోళ్ళను కొట్టింది, కూసొని తినేటోన్ని ఇడిసిపెట్టింది. ఫికర్ చెయ్యకు. ఇగ దొరికిండు గద."

సరైన మందు పడ్డాక వారంలో చిన్ని లేచి కూర్చుంది. పప్పన్నం అడిగి మరీ తింది. ఆయన ఒక్కటే కోరాడు. "మందు అయిపోయి రెండు వారాలైనంక ఇంకొక్కసారి తేండి. వాడు పోయిండో లేడో నా కండ్లతోని చూడాలె." తప్పకుండా తెస్తామన్నాను. తేలేదు. పిల్ల బాగానే ఉందిగా, మళ్ళీ ఎవరు మోస్తారనుకున్నాను.

రివ్యూ ఆ సాయంత్రమే తీసేద్దామనుకున్నాను. మర్నాడు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, ఆ పైవారం ఇంకోటి, అలా మరిచిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. అదీ పూర్తి నిజం కాదు. దానికి అప్పటికే లైకులొచ్చాయి. మా అపార్టుమెంట్ గ్రూపులో నేనే లింకు పెడితే ఇద్దరు "భలే రాశారండీ, కళ్ళకి కట్టినట్టు" అన్నారు. తీసేయడానికి చేయి రాలేదు. ఇంతకన్నా నీచమైన కారణం ఉంటుందా?

ఆరు నెలలకి నా థైరాయిడ్ పరీక్ష కోసం ల్యాబుకి వెళితే, ఆ చిన్న గదిలో మైక్రోస్కోపు లేదు. ఫ్రిజ్ పెట్టారు.

"ఆయన లేరా?" అన్నాను కౌంటర్ అమ్మాయితో.

"తీసేసిన్రు మేడమ్. పైవాళ్ళు రివ్యూలన్ని ప్రింటు తీసి మీటింగ్ పెట్టిన్రు. ఎవరో ఒక మేడమ్ మస్తు పెద్దగ రాసింది, పాయింట్లు పెట్టి. అది అందరి ముందట చదివిన్రు. ఇగ నుంచి శాంపిల్ వాపస్ చెయ్యొద్దు, కస్టమర్లను ఏం అడగొద్దు అన్నరు. మన అన్న ఏమో, అడగకుంట నేనెట్ల చూడాలె అన్నడు. గంతే, వద్దన్నరు."

"మరి ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?"

"వ్యాన్‌ల పెద్ద ల్యాబుకు పంపుతున్నం మేడమ్. పోయేసరికి మూడు నాలుగు గంటలైతది." నా బిల్లు కొడుతూ ఆ అమ్మాయే అంది, "రిపోర్టులల్ల రోజు 'కనబడలేదు' అనే వస్తున్నది."

ఆ మేడమ్ నేనేనని చెప్పలేదు. రక్తం ఇచ్చి, దూది నొక్కుకుంటూ బయటపడ్డాను.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. కొత్తగూడ చౌరస్తాలో, ఫ్లైఓవర్ నీడన, చేతిలో టిఫిన్ డబ్బాతో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. చూడనట్టు వెళ్ళిపోదామనుకున్నాను. ఆయనే పిలిచాడు.

"అమ్మా! మంచిగున్నరా? చిన్ని ఎట్లున్నది?"

"బాగుందండి. బడికెళుతోంది. మీరు..."

"జీడిమెట్ల పోతున్న. మందుల ఫ్యాక్టరీల నీళ్ళు చూసే పని. ప్లేటు మీద ఎన్ని చుక్కలు లేచినయో లెక్కపెట్టుడు. అన్ని బ్యాక్టీరియానే." నవ్వాడు. "మంచి పనే అమ్మా. కాకపోతె ఒక్కటి గూడ కదలది. పొద్దుగూకులు చుక్కలే."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అక్కడ మానేశారని విన్నాను. ఎవరో ఏదో రాశారట" అన్నాను. ఎవరోనట! సిగ్గులేని నోరు.

"ఎవరో తల్లి రాసింది. బిడ్డ బాధల ఉన్నప్పుడు ఏ తల్లికైన కోపం వస్తది. పదిమందిల గట్ల అడుగుడు నాదే తప్పు. లోపటికి పిలిచి అడగాల్సుండె." ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ గాల్లో మెల్లగా, చాలా మెల్లగా తిరుగుతున్నాయి. నేను చెబుతానని చూశాడు. ఒక్క మాట. 'నేనేనండి, క్షమించండి' అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఈలోపు బస్సు వచ్చేసింది.

ఎక్కుతూ వెనక్కి తిరిగి, "మల్ల శాంపిల్ తేలే మీరు" అన్నాడు.

"తెస్తానండి" అన్నాను పిచ్చిదానిలా. ఎక్కడికి తేవాలి, ఎవరు చూడాలి?

మొన్న మే నెలలో మళ్ళీ ల్యాబుకి వెళ్ళినప్పుడు ఆ కౌంటర్ అమ్మాయే చెప్పింది. ఉగాదికి వారం ముందు, డ్యూటీలో ఉండగానే గుండె ఆగిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. చెబుతూ కళ్ళు తుడుచుకుని, బల్ల సొరుగులోంచి చిన్న చెక్కపెట్టె తీసింది. గది ఖాళీ చేసినప్పుడు పారేయమంటే మనసొప్పక దాచిందట. అన్నీ స్లైడ్లు, రంగువేసి భద్రంగా పెట్టినవి.

"మీ పాపది ఉన్నది మేడమ్, ఇగో."

రబ్బరుబ్యాండుతో కలిపి కట్టిన రెండు గాజుపలకలు. మొదటిదాని మీద ఊదారంగు మరక, అంచున పెన్సిలుతో "చిన్ని, మందుకు ముందు." రెండోది ఖాళీ. తుడిచి పెట్టిన ఉత్త గాజుపలక. దాని అంచున కూడా రాసి ఉంది, "చిన్ని, మందు తర్వాత."

స్కూలు పేరు కాదు. ఫారమ్ మీది పెద్ద పేరు కాదు. చిన్ని. మీటింగ్‌లో చదివిన రివ్యూ పైన "చిన్నీస్ మమ్మీ" అని ఉంటుంది. బస్టాపులో ఆయన అడిగింది కూడా "చిన్ని ఎట్లున్నది" అనే. తెలుసు ఆయనకి. మొదట్నించీ తెలుసు. తెలిసే "ఎవరో తల్లి" అన్నాడు, తెలిసే నా మొహంలోకి చూస్తూ బస్సు వచ్చేదాకా ఆగాడు.

"ఆ రివ్యూ నేనే రాశాను" అన్నాను కౌంటర్ దగ్గరే, అందరూ వింటుండగా. గొంతు తగ్గించలేదు. ఆ అమ్మాయి నావైపు చూసి, పెట్టె మూత వేసి, ఆ రెండు స్లైడ్లూ నా చేతిలో పెట్టింది. ఒక తిట్టు తిడితే బాగుండేది.

ఇవాళ ఆఫీసుకి పోలేదు. మంచం మీదే కూర్చుని రివ్యూ తెరిచాను. రాసిందంతా చెరిపేసి మొదట్నించి రాశాను. బిడ్డకి యాంటీబయాటిక్ వేశానని, అడిగితే లేదన్నానని, ఆ ల్యాబులో చూపు తెలిసినవాడు ఒక్కడుండేవాడని, పరాన్నజీవి వేరు బ్యాక్టీరియా వేరు అని కూర్చోబెట్టి చెబితే విననిది నేనేనని, ఆయన్ని పంపేయించిందీ నేనేనని రాశాను. ఐదు స్టార్లు నొక్కాను. ఖాళీ గాజుపలక ఒళ్ళోనే ఉంది. ఒకసారి మొత్తం చదువుకున్నాను. తప్పు ఒక్కటీ లేదు, అంతా నిజమే.

నాలుగేళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిన నిజం. ఆయన చేతికిస్తే మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, నా చేతికే తిరిగిచ్చేవాడు.

"నాకు పనికిరాదమ్మా."